బాటకు అడ్డం కంప కొట్టే చిన్నాయనతో ఎట్లా వేగేది?

బత్తాయితోట_గుర్రంపోడు
మూడేళ్ల నుంచి పడుతున్న బాధ ఇది. పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఒక దారి చెప్పండి.

మా తాత పేరు మీద ఉన్న ఎనిమిదిన్నర ఎకరాలు నాన్నకు, చిన్నాయనకు సగం సగం పంచారు. రోడ్డు వైపు ముక్క చిన్నాయనకు, లోపలి ముక్క మాకు వచ్చింది. మా బత్తాయి తోటకు పోవాలంటే ఆయన పత్తి చేను గెట్టు వెంట ఉన్న బండ్ల బాటే దిక్కు. నేను పుట్టక ముందు నుంచీ అదే బాట. నాన్న పోయి రెండేళ్లు దాటింది. ఆయన ఉన్నప్పుడే మొదలైన పంచాయితీ ఇప్పుడు నా మీద పడింది.

కోతకు వచ్చిన ప్రతిసారీ చిన్నాయన బాటకు అడ్డంగా తుమ్మ కంప కొడతాడు. వ్యాపారి డీసీఎం వ్యాను తెచ్చి రోడ్డు మీద నిలబడతాడు. కూలీలు కాయ కోసి కుప్ప పోసి కూర్చుంటారు. ఎండకు కాయ వాడిపోతుంది. వ్యాపారి అదే సాకుతో తరుగు ఎక్కువ తీస్తాడు. మొన్న కత్తెర పంటకు ఆడవాళ్లు తలల మీద గంపలతో రోడ్డు దాకా మోశారు. ఒకామె కాలులో తుమ్మ ముల్లు దిగి చెప్పు నిండా రక్తం. అది చూసి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అడిగితే మాట్లాడడు. మొఖం తిప్పుకుని పోతాడు. మేం బాగుపడితే ఓర్వలేని మనిషి అని ఊరంతా అంటారు. ఇలాంటి మనిషితో ఎట్లా వేగేది?

హాలియా_రైతుబిడ్డ
పెద్దమనుషుల్లో పెట్టు అన్నా. పదిమందిలో అడిగితే ఎవరైనా దిగివస్తారు.

గెట్టురాయి
పెద్దమనుషుల్లో పెడితే వాళ్ల భోజనాల ఖర్చు నీకు, కంప మళ్లీ బాటకు. పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇవ్వు. మెత్తగా ఉన్నంత కాలం ఇట్లనే ఉంటది.

బత్తాయితోట_గుర్రంపోడు
@హాలియా_రైతుబిడ్డ మూడుసార్లు పెట్టాను తమ్ముడూ. ప్రతిసారీ "సరే" అంటాడు, కంప తీస్తాడు, తర్వాతి కోతకు మళ్లీ కొడతాడు. రెండో పంచాయితీలో నేను గట్టిగా అరిచాను. అప్పటి నుంచి చిన్నమ్మ కూడా మాట్లాడటం మానేసింది. స్టేషన్‌కు కూడా పోయాను. ఇద్దరినీ కూర్చోబెట్టి "ఇంటి గొడవ, ఇంట్లో చూసుకోండి" అని పంపారు.

సర్వే_గొలుసు
ముందు గ్రామ నక్ష చూశారా? బండ్ల బాట నక్షలో ఉంటే అది ఆయన సొంతం కాదు. లేకపోతే మీసేవలో ఎఫ్‌లైన్‌కు దరఖాస్తు పెట్టి హద్దులు కొలిపించండి. నేను ఈ పనిలో ఉన్నవాడిని కాబట్టి చెబుతున్నా, గెట్టు తగాదాల్లో చాలా వరకు కొలత లేకుండా నోటి లెక్కల మీదే నడుస్తాయి. గుంట అంటే ముప్పైమూడు అడుగులకు ముప్పైమూడు అడుగులు, 121 గజాలు. చాలామంది అడుగు మందం తేడాకు గుంట పోయినట్టు కొట్టుకుంటారు.

బత్తాయితోట_గుర్రంపోడు
గెట్టు మీద తేడా లేదు అన్నా. బాట తనది అని ఆయన ఎప్పుడూ అనలేదు. అదే నాకూ అర్థం కాదు. హక్కు అడగడు, కారణం చెప్పడు, కంప మాత్రం కొడతాడు.

లెక్కలసారు_దేవరకొండ
ముప్పైరెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

జ్యామితిలో సిద్ధాంతం రుజువు చేయమంటే పిల్లలు ముందు ఏం రాయాలి? దత్తాంశం, అంటే ప్రశ్నలో ఇచ్చింది. తర్వాత సారాంశం. ఆ తర్వాతే ఉపపత్తి, అంటే రుజువు. మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఎక్కువమంది ఉపపత్తిలో తప్పు చేసినవాళ్లు కారు. దత్తాంశంలో లేనిది కలిపినవాళ్లు. బొమ్మ చూసి "ఇది లంబకోణం లాగుంది" అనుకుని లంబకోణమని రాసేస్తారు. ప్రశ్నలో ఎక్కడా ఆ మాట ఉండదు.

మీ పోస్టులో దత్తాంశం ఎంత, మీరు కలిపింది ఎంత? కంప కొట్టాడు: దత్తాంశం. మొఖం తిప్పుకున్నాడు: దత్తాంశం. "ఓర్వలేని మనిషి": ఇది బొమ్మ చూసి వేసుకున్న లంబకోణం. నిజం కావచ్చు, కాకపోవచ్చు. రుజువు కానిదాని మీద ఇల్లు కట్టకండి.

ఇక సారాంశం, అంటే సాధించవలసింది. చిన్నాయన మారాలని మీ కోరిక. అది మీ చేతిలో లేదు. బండి తోటలోకి పోవాలి, కాయ వాడకుండా బయటికి రావాలి. ఇది మీ చేతిలో సగమైనా ఉంది. ఏది సాధించాలో మార్చి రాసుకుంటే దారి కూడా మారుతుంది.

ఒక పని చేయండి. ఒక నోటుబుక్కు తీసుకుని కంప ఏ తేదీన పడింది, దానికి ముందు వారం రోజుల్లో ఆ బాట మీద ఏం జరిగింది, అది మాత్రం రాయండి. తిట్లు రాయకండి, మీ ఊహలు రాయకండి. తేదీలు, సంగతులు.

గెట్టురాయి
మనుషులు లెక్కలు కారు సారూ. మా అన్న ఆరు గుంటలు కలుపుకున్నాడు. సర్వే చేయించి రాళ్లు పాతిస్తే రాత్రికి రాత్రి రాయి పీకి మా వైపు జరిపాడు. ఇందులో దత్తాంశం ఏముంది, దొంగతనం తప్ప?

లెక్కలసారు_దేవరకొండ
@గెట్టురాయి రాయి జరిగిందన్నదే దత్తాంశం. మీ లెక్కకు జవాబు కోర్టే కావచ్చు. ప్రతి లెక్కకూ ఒకే సూత్రం పనికొస్తుందని నేను అనలేదు.

కండక్టరమ్మ
సారు చెప్పింది నాకు రోజూ ఎదురయ్యే సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో మనుషులు పెరిగారు, లొల్లి కూడా పెరిగింది. కార్డు చూపకుండా జీరో టికెట్ అడిగేవాళ్లు, సీటు కోసం కొట్లాడేవాళ్లు, మగవాళ్లేమో "పైసలు పెట్టి మేం నిలబడాలా" అని నా మీద ఒర్రేవాళ్లు. మొదట్లో నేనూ గట్టిగా అరిచేదాన్ని. సాయంత్రానికి గొంతు పోయేది, ఇంటికి పోయి పిల్లల మీద విసుక్కునేదాన్ని.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ప్రతి మంగళవారం సంతకు ఎక్కుతాడు. స్టాపు రాకముందే బస్సు ఆపమని తిట్టడం. "మీ అయ్య జాగీరా బస్సు" అని నన్నే అంటాడు. నాలుగు వారాలు ఆయనతో మాటకు మాట. ఐదోవారం ఏమనిపించిందో, ఆయన దిగేటప్పుడు చూశాను. రెండు మోకాళ్లూ వంగవు. పక్కకు తిరిగి, కడ్డీ రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు. ఆయన ఇల్లు స్టాపుకు ముందే. దిగాక మళ్లీ వెనక్కి అంత దూరం నడవాలి. ఆ ఇంటి దగ్గర రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఉంది, బస్సు ఎట్లాగూ అక్కడ ఆగినంత నిదానం అవుతుంది. డ్రైవరన్నతో చెప్పాను. ఇప్పుడు పెద్దాయన ముందు సీటులో కూర్చుని అక్కడ దిగుతాడు. ఇంకా తిడతాడు, అలవాటు పోలేదు. కానీ నన్ను కాదు, రోడ్డు గుంతలను.

అన్నా, మీ చిన్నాయన కంప కొట్టేటప్పుడు ఒకసారి దూరం నుంచి చూడండి. ఏ ముఖంతో కొడుతున్నాడో.

హాలియా_రైతుబిడ్డ
రోడ్డు గుంతలను తిడితే మాత్రం ఆయన వైపే నేను 😀

పాలమూరు_మేస్త్రి
మాది మక్తల్ దిక్కు. ఇరవై ఏళ్లు గుంపు కట్టుకుని పుణె, ముంబై పనులకు పోయినవాడిని. మా బాధ వేరే రకం. పని చేయించుకుని పైసలు ఎగ్గొట్టే కంట్రాక్టర్లు. ఒకడు ఉండేవాడు, శనివారం వచ్చిందంటే కోపం తెచ్చుకుంటాడు. గోడ వంకర అంటాడు, ఇసుక ఎక్కువ వాడారంటాడు. కోపం నిజం కాదు. లెక్క దగ్గరకు రాకుండా ఉండటానికి.

అది కనిపెట్టేందుకు నాకు రెండు సీజన్లు పట్టింది. మూడోసారి పనికి పోయేముందే ఒక మాట అనుకున్నాం. హాజరు పుస్తకం రోజూ సాయంత్రం రాస్తాం, రోజూ ఆయన సంతకం. శనివారం కోసం ఆగం. రోజు సంతకం పెట్టేటప్పుడు కోపం తెచ్చుకోవడానికి ఆయనకు అవసరం ఉండదు, ఎందుకంటే ఆరోజు పైసలు ఇచ్చేది లేదు. శనివారం వచ్చేసరికి ఆరు సంతకాలు పుస్తకంలో ఉంటాయి. మనిషి అట్లనే ఉన్నాడు. పద్ధతి మార్చాం అంతే. ఆ ఏడు గుంపులో అందరం పండక్కి పైసలతో వచ్చాం.

జడ్చర్ల_షిఫ్ట్
మా ఫ్యాక్టరీలో మిషన్ ఆగితే "ఎందుకు" అని ఐదుసార్లు అడగమంటారు. జపాన్‌లో టొయోటా వాళ్ల దగ్గర మొదలైన పద్ధతి. ఫ్యూజ్ ఎందుకు పోయింది, లోడ్ ఎందుకు పెరిగింది, బేరింగ్ ఎందుకు పట్టేసింది, అట్లా అసలు కారణం దాకా దిగుతారు. నేను అదే మా సూపర్‌వైజర్ మీద ప్రయోగించాను. "నన్ను ఎందుకు నైట్ షిఫ్ట్ వేశారు? ఎందుకు నన్నే? ఎందుకు ఈ వారమే?" మూడో "ఎందుకు"కే బయటికి పొమ్మన్నాడు.

తర్వాత తెలిసింది. మిషన్‌కు ఎందుకు అని అడిగితే సమాచారం వస్తుంది. మనిషిని ఎందుకు అంటే నిలదీసినట్టే వినిపిస్తుంది. "ఏమైంది సార్, మనుషులు తక్కువయ్యారా?" అని అడిగాను ఇంకోసారి. అప్పుడు కూర్చోబెట్టి షిఫ్ట్ చార్ట్ మొత్తం చూపించాడు. ముగ్గురు సెలవులో ఉన్నారు. బత్తాయన్నా, చిన్నాయనను "ఎందుకు కొట్టావు కంప" అని అడగొద్దు. "ఏమైంది" అని అడగండి.

మిర్యాలగూడ_గుమాస్తా
షిఫ్ట్ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా సేటుకు సీజన్‌లో పట్టరాని కోపం. ధాన్యం లారీలు బారులు తీరితే ఎదురుపడ్డ ప్రతివాడినీ తిడతాడు. "ఏమైంది సేటూ, ముందు ఏ లారీ దింపమంటారు" అంటే సగం కోపం పోతుంది. ఏదో ఒకటి తేల్చడానికి పని దొరుకుతుంది ఆయనకు.

గెట్టురాయి
అందరూ అవతలివాడి మోకాళ్లు, అవతలివాడి షిఫ్ట్ చార్ట్ చూడమంటున్నారు. ముల్లు దిగిన కూలామె కాలు ఎవరు చూడాలి?

బత్తాయితోట_గుర్రంపోడు
@గెట్టురాయి ఆ మాట నా గుండెలోనూ ఉంది అన్నా. ఆమెకు దవాఖాన ఖర్చు నేనే పెట్టుకున్నాను. కానీ సారు చెప్పినట్టు రాసి చూస్తే పోయేదేముంది అనిపించింది. ఈ ఆదివారం కూర్చుంటాను.

మూసీఒడ్డు_ఆడబిడ్డ
ఇది చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. అవతలివాళ్ల బాధ అర్థం చేసుకో, అర్థం చేసుకో అని నాకు పదకొండేళ్లు చెప్పారు. నా భర్త తాగి కొట్టేవాడు. పనిలో టెన్షన్ అట, అప్పుల టెన్షన్ అట. నేను కూడా కారణాలు వెతికాను. కూర బాలేదా, ఆలస్యమైందా, ఎదురు మాట్లాడానా అని. అన్ని కారణాలూ సరిచేశాను. దెబ్బలు తగ్గలేదు.

చేయి చేసుకునే మనిషి దగ్గర కారణం వెతకడం తప్పు అని ఇక్కడ ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అందుకే నేను చెబుతున్నా. అక్కడ సాధించవలసింది ఒక్కటే, ప్రాణంతో బయటపడటం. మా పక్కింటక్క 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించింది. దెబ్బలు తిన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలో కూర్చోబెట్టి విన్నారు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చని నాకు అక్కడే తెలిసింది.

సారూ, మీ నోటుబుక్కు మాట మాత్రం నిజం. నేను కేలండర్ మీద దెబ్బ తగిలిన రోజు చిన్న గీత పెట్టేదాన్ని, ఎవరికీ అర్థం కాకుండా. కేసు దగ్గర ఆ గీతలే నా తరఫున మాట్లాడాయి. మూడు నెలల్లో పందొమ్మిది గీతలు.

లెక్కలసారు_దేవరకొండ
తల్లీ, మీరు చెప్పింది నేను మొదటి పోస్టులోనే రాయవలసింది. రాయలేదు, నా తప్పు. భయం ఉన్నచోట కూర్చుని మాట్లాడుకోమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఇప్పుడు క్షేమంగా ఉన్నారా?

మూసీఒడ్డు_ఆడబిడ్డ
ఉన్నాను సారూ. టైలరింగ్ నడుపుకుంటున్నాను. కొడుకు తొమ్మిదో తరగతి, లెక్కల్లో కొంచెం వెనక.

లెక్కలసారు_దేవరకొండ
ఏ అధ్యాయం రావడం లేదో ఇక్కడే రాయమనండి. నేను చెబుతాను.

కోర్టుమెట్లు_నల్లగొండ
వకీలు దగ్గర జూనియర్‌ని. బత్తాయి అన్న కోసం చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా వాడిన బాట మీద మీకు నడిచే హక్కు ఏర్పడుతుంది. అయితే అడ్డం పడ్డాక ఊరుకోకూడదు. అడ్డుపడిన రెండేళ్లలోపు కోర్టుకు రావాలి. మీ విషయంలో కంప ప్రతిసారీ తీసేస్తున్నాడు కాబట్టి బాట పూర్తిగా మూతపడలేదు. అయినా ఫోటోలు, తేదీలు దాచుకోండి.

దావా వేయకముందే లోక్ అదాలత్‌కు కూడా పోవచ్చు. దాన్ని నడిపే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషుల్లో "సరే" అన్న మాటకు, అక్కడ పెట్టిన సంతకానికి తేడా అదే. కాకపోతే ఇద్దరూ రావాలి. ఒక్కరు కాదంటే నడవదు.

గెట్టురాయి
మా అన్న రాలేదు. నోటీసు చింపేశాడు. చివరికి దావాయే వేశాను, నడుస్తున్నది.

సంఘంలీడర్_నారాయణపేట
మా పొదుపు సంఘంలో పన్నెండుమందిమి. ఒకామె మూడు నెలలు కిస్తు కట్టలేదు. మీటింగ్‌కు వస్తే గట్టిగా గొడవ పెట్టుకుని మధ్యలో లేచిపోయేది. మిగతావాళ్లందరూ ఆమెను తీసేద్దాం అన్నారు. నేను వాళ్లింటికి పోయాను. పైసలు అడగడానికి పోలేదు, ఊరికే పోయాను. మగ్గం ఖాళీగా ఉంది. పడుగు తెగి పడి ఉంది. చీర నేస్తే కదా కూలి. ఆమె చేతికి తామర లాగా వచ్చి నూలు పట్టలేకపోతున్నది. చెప్పుకోవడానికి సిగ్గు.

కిస్తు సగం చేసి నెలలు పెంచుకున్నాం. ఇంకొకామెకు మాత్రం ఇదే చేస్తే మమ్మల్ని మోసం చేసింది, అదీ చెప్పాలి. ఇద్దరి ఇంటికీ పోయాను. ఒకరింట్లో ఖాళీ మగ్గం చూశాను, ఇంకొకరింట్లో కొత్త ఫ్రిజ్ చూశాను. చూడకుండా ఇద్దరినీ ఒకే గాటన కట్టేదాన్ని.

బత్తాయితోట_గుర్రంపోడు
రాశాను. చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే.

పంచాయితీలో చూపడానికి కంప పడిన ప్రతిసారీ ఫోన్‌లో ఫోటో తీశాను, తేదీలు దొరికాయి. వ్యాపారి ఇచ్చిన తూకం చీటీలు అమ్మ బియ్యం డబ్బా మీద సంచిలో దాచింది. రెండూ పక్కపక్కన పెట్టి రాశాను. మొత్తం ఆరుసార్లు కంప పడింది.

నేను ఇన్నాళ్లూ అనుకున్నది: డీసీఎం వచ్చే ముందు, దాన్ని ఆపడానికి కొడుతున్నాడని. తేదీలు చూస్తే అట్లా లేదు. ఆరింటిలో ఐదుసార్లు లోడు పోయిన మరునాడో, రెండోనాడో కంప పడింది. బత్తాయి ఒకేసారి కోయం కదా, పది పన్నెండు రోజులు ఆగి రెండో కోత, మూడో కోత ఉంటాయి. మొదటి లోడు పోయాక కొట్టిన కంప రెండో లోడుకు అడ్డం వచ్చేది. మేం రెండో లోడు రోజు చూసి "లోడు వస్తుందని కొట్టాడు" అనుకున్నాం.

లోడు పోయాక ఏం జరుగుతుంది అని అమ్మను అడిగాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. చిన్నాయన బోరు నుంచి అవతలి ముక్కకు పైపు బాటకు అడ్డంగానే పోతుంది. నిండు డీసీఎం దాని మీద ఎక్కితే పైపు పగులుతుంది. మొదటిసారి పగిలినప్పుడు చిన్నాయన వచ్చి నాన్నతో చెప్పాడట. నాన్న "నీ పైపే నా బాట మీద ఉంది, తీసుకో" అన్నాడట. అంతే, ఆనాటి నుంచి చిన్నాయన నోరు తెరవలేదు, కంపతోనే మాట్లాడుతున్నాడు.

కండక్టరమ్మ
అయ్యో.

హాలియా_రైతుబిడ్డ
పైపు పగిలిందంటే మామూలు సంగతి కాదు అన్నా. పత్తికి నీళ్లు తప్పే వారంలో పగిలితే పూత రాలిపోతుంది. కప్లింగ్, సొల్యూషన్ కోసం మండలానికి పోయి రావాలంటే ఒక పూట పోతుంది.

పాలమూరు_మేస్త్రి
ఆరోసారి?

బత్తాయితోట_గుర్రంపోడు
@పాలమూరు_మేస్త్రి ఆరోసారి కంప పడినప్పుడు కోతే లేదు. ఆ వారం మా చెల్లి పెండ్లి ఖాయమైంది. చిన్నాయనకు ఫోన్‌లో చెప్పాం. ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవలేదు. అప్పుడు మాటల్లేవు కదా అని ఫోన్‌తో సరిపెట్టాం.

గెట్టురాయి
పైపు పగిలితే నోరుతో చెప్పాలి. ముల్లు కూలివాళ్ల కాళ్లకు దిగితే దానికి పైపు సాకు కాదు. కారణం దొరికినంత మాత్రాన తప్పు ఒప్పవదు.

లెక్కలసారు_దేవరకొండ
అవదు. మీతో ఏకీభవిస్తాను. అయితే ఆయన చేసింది తప్పు అని నిరూపించడం మన లెక్క కాదు. బండి పోవాలి, అది లెక్క. ఇప్పుడు దత్తాంశంలో పైపు వచ్చి చేరింది కాబట్టి దారి కనబడుతున్నది.

జడ్చర్ల_షిఫ్ట్
పైపును భూమిలోకి దింపితే అయిపోతుంది కదా?

సర్వే_గొలుసు
ఊరికే దింపితే మళ్లీ పగులుతుంది. నిండు బండి బరువు మట్టిలోంచి దిగుతుంది. బాట వెడల్పు అంత కందకం తీసి, సిమెంటు గూనలు, అంటే లావు గొట్టాలు వేసి, పైపును గూనల్లోంచి పోనివ్వాలి. పైన మొరం పోసి తొక్కించాలి. రేపు పైపు మార్చాలన్నా తవ్వే పని లేకుండా లాగేసుకోవచ్చు.

బత్తాయితోట_గుర్రంపోడు
ఖర్చు నేను పెట్టుకుంటాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మాటలు లేవు, పోయి ఏమని నిలబడాలి?

గెట్టురాయి
నువ్వెందుకు పెట్టుకోవాలి ఖర్చు? పైపు ఆయనది.

బత్తాయితోట_గుర్రంపోడు
మొన్నటి కాయ వాడినందుకు వ్యాపారి కోసింది దీనికంటే ఎక్కువ అన్నా.

మూసీఒడ్డు_ఆడబిడ్డ
మీ అమ్మను ముందు పంపండి. మీ చిన్నమ్మకు బొట్టు పెట్టి రమ్మనండి. పైపు మాట తర్వాత.

సంఘంలీడర్_నారాయణపేట
అవును. ఆడవాళ్ల మధ్య మాట ముందు నడవాలి. ఇద్దరు తోడికోడళ్లు వాకిట్లో కూర్చుంటే మగవాళ్లు తలుపు దగ్గరకు వస్తారు.

లెక్కలసారు_దేవరకొండ
ఇంకొక మాట. పోయినప్పుడు పైపు "ఎవరిది", బాట "ఎవరిది" అన్న మాటలు రానివ్వకండి. "పైపు ఎక్కడ పగులుతున్నదో చూపించు చిన్నాయనా" అనండి. చూపించడానికి లేచి నడిస్తే సగం అయినట్టే.

బత్తాయితోట_గుర్రంపోడు
ఐదు రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మ, నేను పొద్దున్నే పోయాం. అమ్మ చిన్నమ్మకు బొట్టు పెట్టి, చీర, రవిక గుడ్డ పెట్టింది. చిన్నమ్మ మొదట పక్కకు చూసింది, తర్వాత ఏడ్చింది. చిన్నాయన అరుగు మీద చుట్ట పట్టుకుని కూర్చున్నాడు, లేవలేదు. నేను "పెండ్లికి నువ్వే నిలబడాలి, నాన్న లేడు" అన్నాను. జవాబు లేదు. సారు చెప్పిన మాట అడిగాను. అప్పుడు కూడా జవాబు లేదు. చుట్ట ఆరిపోయింది, మళ్లీ ముట్టించలేదు. కొంచెంసేపటికి చెప్పులు వేసుకుని చేను వైపు నడిచాడు. నన్ను రమ్మనలేదు. నేనే వెనక పోయాను.

పైపు దగ్గర వంగి మట్టి తీశాడు. రెండు బారల పైపుకు ఏడు అతుకులు. ఒక్కో కప్లింగ్ ఒక్కో రంగు, కొన్నిచోట్ల సైకిల్ ట్యూబ్ చుట్టి తీగతో బిగించాడు. ఆ అతుకుల మీద వేలు పెట్టి "ఇది మీ నాయన ఉన్నప్పటిది" అన్నాడు. మూడేళ్లలో నాతో అన్న మొదటి మాట అది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "గూనలు వేద్దాం" అన్నాను. "వేస్తే వెయ్యి" అన్నాడు.

కండక్టరమ్మ
ఏడు అతుకులు. అది చదివి బస్సులో కళ్లు తుడుచుకున్నాను అన్నా.

గెట్టురాయి
వేస్తే వెయ్యి అంటే ఒప్పుకున్నట్టు కాదు. కాగితం రాసుకో. కోర్టుమెట్లు తమ్ముడు చెప్పిన లోక్ అదాలత్ మాట మరిచిపోకు. రేపు భూమి అమ్మితే కొన్నవాడికి ఈ అతుకుల కథ తెలియదు.

కోర్టుమెట్లు_నల్లగొండ
ఆ మాట నిజం. ఇద్దరూ మంచిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. పెండ్లి అయ్యాక నిదానంగా అడగండి, ఇప్పుడే కాదు.

బత్తాయితోట_గుర్రంపోడు
@గెట్టురాయి అన్నా, మీరు మొదటి నుంచీ నన్ను హెచ్చరిస్తూనే ఉన్నారు. కాగితం సంగతి మనసులో పెట్టుకున్నాను. మీ దావా వాయిదా ఎప్పుడో చెప్పండి, ఆరోజు నల్లగొండలోనే ఉంటాను, కోర్టు దగ్గర కలుస్తాను.

గెట్టురాయి
వచ్చే నెల. వస్తే మంచిదే. ఒక్కడినే పోతుంటాను.

హాలియా_రైతుబిడ్డ
గూనలు వేశారా అన్నా?

బత్తాయితోట_గుర్రంపోడు
మూడు గూనలు పట్టాయి. రెండడుగుల లోతు తీశాం, పైన ఒక ట్రాక్టర్ మొరం. కూలీలతో పాటు నేనూ పార పట్టాను. చిన్నాయన వేపచెట్టు కింద కూర్చుని చూశాడు, దగ్గరకు రాలేదు. నాతో మళ్లీ మాట్లాడనూ లేదు.

నిన్న లోడు ఉండె. డీసీఎం బాటలోకి తిరిగేసరికి చిన్నాయన గెట్టు మీద నిలబడి ఉన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. నా వైపు చూడలేదు. డ్రైవర్‌కు చెయ్యి చూపిస్తూ "కొంచెం ఎడమకు కొయ్యి, కుడి దిక్కు మొరం ఇంకా పచ్చిగున్నది" అన్నాడు. బండి పోయిందాకా అక్కడే నిలబడ్డాడు.

ఈరోజు పొద్దున పోయి చూసి వచ్చాను. కంప లేదు.

హాలియా_రైతుబిడ్డ
గూనలు ఎన్ని అంగుళాలవి అన్నా? మా మేనమామ చేను దగ్గర కూడా ఇదే తంటా ఉంది.

బత్తాయితోట_గుర్రంపోడు
తొమ్మిది అంగుళాలవి. ఆరువి తేవద్దు, పైపు కప్లింగ్ దగ్గర పట్టేస్తుంది. ముందు మీ మామ దగ్గరకు పోయి ఎక్కడ పగులుతున్నదో చూపించమని అడుగు, కొలత ఆ తర్వాత తీసుకో.